ట్రాయ్ యుద్ధం నిజంగా జరిగిందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్ గురించి కిందటి నెల రాసిన వ్యాసానికి ఉత్తరాలు చాలా వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ట్రాయ్‌కే కేటాయిస్తున్నాను. ఆ వ్యాసం చదవనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. స్పార్టా రాజు మెనెలాస్ భార్య హెలెన్‌ను ట్రాయ్ రాజు ప్రియామ్ కొడుకు పారిస్ తనతో తీసుకుపోతాడు. మెనెలాస్ అన్న, మైసీనీ రాజు అగమెమ్నాన్, గ్రీకు రాజులందరినీ కూడగట్టి ఓడలెక్కించి తీసుకెళ్తాడు. పదేళ్ల ముట్టడి తర్వాత కొయ్యగుర్రం ఎత్తుతో ఊళ్లో చొరబడి, తగలబెట్టేస్తారు.

ప్రశ్న: మా లెక్చరర్‌గారు ట్రాయ్ యుద్ధం కట్టుకథ అన్నారు. ఒక టీవీ కార్యక్రమంలో తవ్వకాల్లో రుజువైపోయిందన్నారు. ఎవరిని నమ్మాలి? (ఏలూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

అమ్మా, వాళ్లిద్దరూ రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు. ట్రాయ్ అనే ఊరు ఉండేదా అంటే, ఉండేది. టర్కీ వాయవ్య మూలన, డార్డనెల్స్ జలసంధికి దగ్గర్లో హిసార్లిక్ అనే దిబ్బ ఉంది. క్రీ.పూ. 3000 ప్రాంతం నుంచి రోమన్ల కాలం దాకా అక్కడ ఒక ఊరి మీద ఇంకో ఊరు కట్టుకుంటూ పోయారు. తవ్వినవాళ్లు వాటిని ముఖ్యంగా తొమ్మిది పొరలుగా లెక్కపెట్టారు. కింద ఉన్నది ఒకటో ట్రాయ్, అన్నిటికంటే పైన ఉన్నది తొమ్మిదోది.

హోమర్ చెప్పిన ట్రాయ్ ఇందులో ఏది అన్నప్పుడే అసలు తగాదా మొదలవుతుంది. పోటీలో ఉన్నవి రెండు. ఆరో ట్రాయ్ సంపన్నమైన కోట. చెక్కిన సున్నపురాళ్లతో కట్టిన గోడలు, బురుజులు, లోపల విశాలమైన భవనాలు. క్రీ.పూ. 1300 ప్రాంతంలో అది పడిపోయింది. దాని మీద కట్టిన 'ఏడు-ఎ' ట్రాయ్ క్రీ.పూ. 1180 ప్రాంతంలో తగలబడింది. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయం తరఫున 1932 నుంచి 1938 దాకా తవ్విన కార్ల్ బ్లెగెన్, ఆరో ట్రాయ్‌ను కూల్చింది భూకంపమనీ, ఏడు-ఎ ట్రాయ్‌ను కాల్చింది శత్రువులనీ తేల్చారు.

ఆయన అలా అనడానికి కారణాలున్నాయి. ఆరో ట్రాయ్‌లో ఖాళీ జాగా వదిలి కట్టుకున్న కోటలోనే, తర్వాతి కాలంలో చిన్న చిన్న ఇళ్లు గోడకు గోడ ఆనించి ఇరికించి కట్టారు. ఇంటింటా నేలలో మూతి దాకా పాతిపెట్టిన పెద్ద పెద్ద బానలు కనిపించాయి. ఒక్కో ఇంట్లో అవి వరసగా ఉన్నాయి. పైన రాతిపలక మూత వేస్తే ఇంట్లో మనుషులు దాని మీద నడిచి తిరగొచ్చు. ధాన్యమో, నూనో దాచుకోవడానికి చోటు చాలక చేసుకున్న ఏర్పాటు అది. వీధుల్లోనూ ఇళ్లలోనూ కాలిన పొర కింద మనుషుల ఎముకలు దొరికాయి, ఎవరూ పూడ్చిపెట్టనివి. బయటి పల్లెల జనం కోటలోకి వచ్చి తలదాచుకున్నారనీ, ముట్టడికి భయపడి తిండిగింజలు కూడబెట్టుకున్నారనీ బ్లెగెన్ అర్థం చేసుకున్నారు. నాకూ ఆ వాదన బలంగానే అనిపిస్తుంది.

కాల్చింది గ్రీకులేనా అంటే మాత్రం చిక్కు వస్తుంది. క్రీ.పూ. 1200 అటూ ఇటూ మైసీనీ, పైలోస్ వంటి గ్రీకు రాజధానులే వరసగా కూలిపోతున్నాయి. తన ఇల్లే తగలబడుతున్నవాడు సముద్రం దాటి అంత దండయాత్ర చేయగలిగాడా? ఇంకాస్త ముందు, ఆరో ట్రాయ్ కాలంలో గ్రీకు రాజ్యాలకు ఆ శక్తి ఉంది. కానీ ఆ పొరలో గోడలు ఒరిగిన తీరు చూస్తే భూకంపమే కనిపిస్తుంది. గోడలు గొప్పగా ఉన్న ట్రాయ్‌ను పడగొట్టింది భూమి, మనుషులు కాల్చిన ట్రాయ్‌కు ఆ వైభవం లేదు. ఈ రెంటినీ కథ పాడిన పాటగాళ్లు ఒకే ఊరిగా, ఒకే యుద్ధంగా కలిపేశారన్నది నా అభిప్రాయం. పదేళ్ల మహాయుద్ధం ఒకటి జరిగిందని నేను అనుకోను. ఆ తీరంలో తరాల తరబడి చాలా దాడులు, చాలా తగాదాలు జరిగాయని మాత్రం గట్టిగా నమ్ముతాను. ఎందుకో కింద హిట్టైట్ల గురించి అడిగిన ప్రశ్న దగ్గర చెబుతాను.

ప్రశ్న: ట్రాయ్‌ను కనిపెట్టినది ష్లీమన్ అని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆయనకు దొరికిన ప్రియామ్ నిధి ఇప్పుడు ఎక్కడుంది? (వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

మాస్టారూ, ఆ నిధి ఇప్పుడు మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో ఉంది. 1945లో సోవియట్ సేనలు బెర్లిన్ నుంచి తరలించాయి. అర్ధశతాబ్దం పాటు ఎవరికీ చూపించలేదు. 1996లో ప్రదర్శనకు పెట్టారు.

'కనిపెట్టినది' అన్న మాట దగ్గర మాత్రం ఒకరికి న్యాయం జరగాలి. ఫ్రాంక్ కాల్వర్ట్ అని, ఆ ప్రాంతంలోనే స్థిరపడిన ఇంగ్లిష్ కుటుంబం మనిషి. హిసార్లిక్ దిబ్బలో కొంత భాగం ఆయన సొంతం. ష్లీమన్ రాకముందే, 1860లలో అక్కడ తవ్వి చూసి, ట్రాయ్ ఇదేనని నమ్మాడు. డబ్బు లేక ఆగిపోయాడు. హైన్రిష్ ష్లీమన్ రష్యాలో నీలిమందు వ్యాపారం చేసి బాగా గడించిన జర్మన్ వర్తకుడు. కాల్వర్ట్ చూపించిన దిబ్బనే 1870లో తవ్వడం మొదలుపెట్టి, ఆ తర్వాత కాల్వర్ట్ పేరు వీలైనంత పక్కకు నెట్టేశాడు.

హోమర్ ట్రాయ్ అడుగున ఉంటుందని ఆయన నమ్మకం. అందుకని దిబ్బను ఉత్తరం నుంచి దక్షిణానికి పెద్ద కందకంలా కోసేశాడు. అడ్డొచ్చిన పై పొరలన్నీ పారల కింద పోయాయి. తాను వెతుకుతున్న కాలం నాటి భవనాల్లో కొన్ని కూడా ఆ మట్టితోనే పోయాయి. 1873లో దొరికిన బంగారం రెండో ట్రాయ్‌ది. అంటే అగమెమ్నాన్ కాలం అనుకునే రోజులకు వెయ్యేళ్లకు పైగా పాతది. ప్రియామ్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ నగలను భార్య సోఫియా శాలువలో మూటగట్టి తెచ్చిందని ఆయన రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఆవిడ ఏథెన్స్‌లో ఉంది. నిధిని ఒట్టోమన్ ప్రభుత్వానికి తెలియకుండా దేశం దాటించాడు కూడా.

ఇంత చెప్పినా, ఆయన మొండితనం లేకపోతే ఆ దిబ్బ వైపు పండితలోకం చూసేది కాదేమో. 1890లో, చనిపోయే ఏడాదే, తన సహచరుడు విల్‌హెల్మ్ డోర్ప్‌ఫెల్డ్‌తో కలిసి తవ్వుతుంటే ఆరో పొరలో మైసీనీ కుండపెంకులు బయటపడ్డాయి. దాంతో కాలం లెక్క అంతా మారిపోయింది. ఆరో ట్రాయ్ గోడలను 1893, 1894లలో వెలికితీసింది డోర్ప్‌ఫెల్డే. నా దృష్టిలో ట్రాయ్ తవ్వకాల్లో అసలైన పని అక్కడ మొదలైంది.

ప్రశ్న: వెయ్యికి పైగా ఓడలు, పదేళ్లు. ఆ కాలంలో ఇది సాధ్యమా? (బెంగళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్)

ఇదే అనుమానం క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే ఒక గ్రీకుకు వచ్చింది. ఆయన థుసిడిడీస్, చరిత్రకారుడు, స్వయంగా సేనాని కూడా. ఇలియడ్ రెండో సర్గలో ఓడల జాబితా ఉంది. ఏ ఊరి నుంచి ఎన్ని వచ్చాయో వరసగా చెప్పుకుపోతారు, కలిపితే 1186. అందులో బియోషియా ప్రాంతం ఓడల్లో ఒక్కోదానికి 120 మంది, ఫిలోక్టెటీస్ అనే వీరుడి ఓడల్లో 50 మంది అని ఉంది. ఇవి గరిష్ఠం, కనిష్ఠం అనుకుని మధ్యస్థం లెక్క వేసుకోండి, గ్రీసు మొత్తం కలిసి పంపిన సేనగా అదేమంత పెద్దది కాదు అంటాడు థుసిడిడీస్. మీరు ఆ లెక్క వేస్తే లక్ష మంది వస్తారు. ఆ కాలానికి అది నమ్మశక్యం కాని సంఖ్య.

పదేళ్లు ఎందుకు పట్టిందో కూడా ఆయన చెప్పాడు. తిండి చాలక. సైన్యంలో కొంతమంది పొలాలు దున్నుకోవడానికో, చుట్టుపక్కల ఊళ్లు దోచుకోవడానికో పోతే, మిగిలినవాళ్లతో ముట్టడి సాగింది. ఇలియడ్‌లో గ్రీకు వీరుడు అకిలీజ్ కూడా తాను ఓడల మీద వెళ్లి పన్నెండు ఊళ్లు, నేల మీద పదకొండు ఊళ్లు కొల్లగొట్టానని చెప్పుకుంటాడు. యుద్ధం అసలు రూపం ఆ మాటల్లో బయటపడుతుందని నాకనిపిస్తుంది. ఓడల మీద దిగడం, ఊరు దోచుకోవడం, మనుషుల్ని పట్టుకుపోవడం.

ప్రశ్న: హిట్టైట్ల మట్టిపలకల్లో ట్రాయ్ ప్రస్తావన ఉందని విన్నాను. అది గట్టి ఆధారమేనా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న అడిగారు. మధ్య టర్కీలోని హత్తుసా, హిట్టైట్ సామ్రాజ్యానికి రాజధాని. 1906 నుంచి అక్కడి తవ్వకాల్లో వేల మట్టిపలకలు బయటపడ్డాయి. వాటిలో పడమటి వైపు 'విలూసా' అనే సామంత రాజ్యం పేరు పదే పదే వస్తుంది. ట్రాయ్‌కు హోమర్ వాడే ఇంకో పేరు ఇలియోస్. పాత గ్రీకులో దాని మొదట 'వ' ధ్వని ఉండేదని, అంటే 'విలియోస్' అని, హోమర్ ఛందస్సే పట్టిస్తుంది. 1924లో ఎమిల్ ఫోరర్ అనే పండితుడు ఈ రెండూ ఒకటేననీ, పలకల్లోని 'అహ్హియవా' అనే రాజ్యం హోమర్ అకియన్లని పిలిచే గ్రీకులదేననీ వాదించాడు. దశాబ్దాల పాటు ఎగతాళి చేసినవాళ్లే ఎక్కువ. 1990లలో పడమటి అనటోలియా (ఇప్పటి టర్కీ) శిలాశాసనాలను మళ్లీ చదివి, ఏ రాజ్యం ఎక్కడుందో తేల్చుకున్నాక, విలూసా ఆ వాయవ్య మూలకే వచ్చి పడింది. ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఫోరర్ పక్షమే.

క్రీ.పూ. 1280 ప్రాంతంలో హిట్టైట్ చక్రవర్తి రెండో మువతల్లి విలూసా రాజుతో చేసుకున్న ఒప్పందం ఒకటి దొరికింది. ఆ రాజు పేరు అలక్సందు. ఇలియడ్‌లో పారిస్‌కు రెండో పేరు అలెగ్జాండ్రోస్! ఇద్దరూ ఒకే మనిషి అని నేను అనను. కానీ ఒక అనటోలియా రాజుకు గ్రీకు పేరులా వినిపించే పేరు ఉండటం, అదీ ఆ ఊళ్లోనే ఉండటం, చిన్న విషయం కాదు. ఒప్పందంలో షరతులు చదివితే సామంతుడి బతుకు కళ్లకు కడుతుంది. తిరుగుబాటు సంగతి చెవిన పడితే చక్రవర్తికి కబురు పంపాలి, యుద్ధానికి పిలిస్తే రావాలి, ఈ పలకను ఏడాదికి మూడుసార్లు నీ ఎదుట చదివించుకోవాలి. సాక్షులుగా పిలిచిన విలూసా దేవతల్లో ఒకరి పేరు 'అప్పలియునా' అని కనిపిస్తుంది, పలక అక్కడ కొంచెం విరిగింది. ఇలియడ్‌లో ట్రాయ్ పక్షాన నిలిచి పోరాడే దేవుడు అపోలో.

ఇంకో ఉత్తరం ఉంది. కొంతకాలం తర్వాత హిట్టైట్ రాజు, బహుశా మూడో హత్తుసిలి, అహ్హియవా రాజుకు రాసినది. 'నా సోదరా' అని సంబోధిస్తాడు, అంటే తనతో సమానుడని ఒప్పుకున్నట్టే. మనం విలూసా విషయంలో విరోధపడ్డాం, ఇప్పుడు సర్దుకున్నాం అన్న అర్థంలో ఒక మాట అందులో వస్తుంది. ఆ విరోధం కత్తులు దూసేదాకా వెళ్లిందా, దూతల మాటలతో ఆగిందా అన్నది ఆ మాటను బట్టి తేలదు. కానీ గ్రీకు రాజుకూ, హిట్టైట్ చక్రవర్తికీ మధ్య ట్రాయ్ కోసం తగాదా నడిచిందని ఆ కాలంలోనే రాసిపెట్టిన మాట అది. హోమర్ కంటే ఐదు వందల ఏళ్లు ముందుది. బంగారు కిరీటం కంటే ఈ ఒక్క పంక్తి నాకు విలువైనది.

ప్రశ్న: కొయ్యగుర్రం సంగతేమిటి? (మదనపల్లె నుంచి)

ఇలియడ్‌లో గుర్రం లేదు. ఆ కావ్యం పదో ఏట కొన్ని వారాల కథ మాత్రమే చెప్పి, ట్రాయ్ వీరుడు హెక్టర్ దహనంతో ముగుస్తుంది. గుర్రం ఒడిస్సీలో క్లుప్తంగా వస్తుంది. మనకు తెలిసిన వివరమైన కథ రోమన్ కవి వర్జిల్‌ది. అయినా కథ పాతదే. గ్రీసులోని మికొనోస్ దీవిలో దొరికిన పెద్ద బాన మెడ మీద, క్రీ.పూ. 7వ శతాబ్దంలోనే, కాళ్ల కింద చక్రాలున్న గుర్రం, దాని పొట్టలో చదరపు కిటికీల్లోంచి చూస్తున్న సైనికులు ఉన్నారు.

గోడలు పగలగొట్టే యంత్రమే కథలో గుర్రమైందని క్రీ.శ. రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసేనియస్ అన్నాడు. పొసైడన్ గుర్రాలకూ, భూకంపాలకూ దేవుడు కాబట్టి భూకంపమే గుర్రమైందని కొందరు ఆధునికుల ఊహ. వినడానికి బాగుంది, ఆధారం లేదు. తవ్వకాల్లో గుర్రం జాడ ఏమీ లేదు.

ప్రశ్న: హోమర్ యుద్ధానికి నాలుగైదు వందల ఏళ్ల తర్వాతివాడు కదా. అంతకాలం రాత లేకుండా వివరాలు ఎలా నిలిచాయి? (నరసరావుపేట నుంచి)

మీరు ఉన్నది పల్నాట్లో, కాబట్టి మీకు జవాబు దగ్గర్లోనే ఉంది. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో ఏటా వీరుల ఆరాధన జరుగుతుంది, వీరవిద్యావంతులు కథ పాడతారు. 12వ శతాబ్దపు పోరును శ్రీనాథుడు కావ్యంగా చేసింది 15వ శతాబ్దంలో. మధ్యలో దాన్ని మోసినవి గొంతులే.

గ్రీకుల విషయంలో దీన్ని పట్టుకున్నది మిల్మన్ ప్యారీ అనే అమెరికన్. 'వడిగల అకిలీజ్', 'గులాబీ వేళ్ల ఉదయం' వంటి మాటల కట్టలు ఛందస్సులో ఏ ఖాళీలో ఏవి పడతాయో ముందే సిద్ధంగా ఉంటాయనీ, పాటగాడు వాటితో అప్పటికప్పుడు కథ అల్లుతాడనీ చూపించాడు. 1930లలో యుగోస్లావియా వెళ్లి, చదువురాని పాటగాళ్లు వేల పంక్తులు అలా పాడుతుంటే రికార్డు చేసుకొచ్చాడు.

అలాంటి కట్టల్లోనే పాత వస్తువులు ఇరుక్కుని నిలిచిపోతాయి. ఇలియడ్ పదో సర్గలో గ్రీకు వీరుడు ఒడిస్యూస్‌కు ఇచ్చే శిరస్త్రాణం చూడండి. లోపల తోలు పట్టీలు, బయట అడవిపంది కోరలను వరసలుగా అమర్చి కుట్టినది. హోమర్ కాలానికి అలాంటిది ఎవరూ పెట్టుకోవడం లేదు. కానీ మైసీనీ కాలం సమాధుల్లో ఆ కోరల ముక్కలు, కుట్టుకోవడానికి చేసిన రంధ్రాలతో సహా, దొరికాయి. గోడల సంగతీ అంతే. ట్రాయ్ గోడ మలుపు పట్టుకుని అకిలీజ్ స్నేహితుడు పాట్రోక్లస్ మూడుసార్లు ఎగబాకుతాడు, మూడుసార్లూ అపోలో తోసేస్తాడు. ఆరో ట్రాయ్ కోటగోడ కింది భాగం నిజంగానే ఏటవాలుగా ఉంటుంది. నేను దాని పక్కన నిలబడి చూశాను. చెక్కిన రాళ్ల అంచులు ఇప్పటికీ నున్నగా కలిసి ఉన్నాయి, కానీ ఆ వాలు మీద ఒక మనిషి కాలు పెట్టి పాకడానికి ప్రయత్నించవచ్చు అనిపిస్తుంది. అత్తిచెట్టు దగ్గర గోడ బలహీనం, అక్కడ సేనను నిలపమని ఆండ్రోమకీ తన భర్త హెక్టర్‌తో అంటుంది. పడమటి వైపు గోడలో కొంత భాగం పాతదిగా, నాసిగా వదిలేసి ఉండటం డోర్ప్‌ఫెల్డ్ గమనించాడు.

పాట మరిచిపోయినవీ ఉన్నాయి, అవీ చిన్నవి కావు. హిట్టైట్ సామ్రాజ్యం పేరే ఇలియడ్‌లో కనపడదు. రాజభవనాల్లో లెక్కలు రాసుకునే గుమస్తాలు లేరు. మైసీనీ రాజులు చనిపోయినవారిని పూడ్చిపెట్టారు, హోమర్ వీరులు కాలుస్తారు. రథాన్ని ఎలా వాడాలో కూడా కవికి సరిగా తెలియదు. వీరులు దాని మీద వచ్చి దిగి, నేల మీద నిలబడి పోరాడతారు.

ప్రశ్న: ఒక్క ఆడదాని కోసం ఇంత యుద్ధమా? హెలెన్ కథ నమ్మబుద్ధి కాదు. (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

మీరు ఒక్కరే కాదమ్మా, గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్‌కూ నమ్మబుద్ధి కాలేదు. హెలెన్ అసలు ట్రాయ్‌లోనే లేదు, ఈజిప్టులో ఉండిపోయిందని అక్కడి పూజారులు తనతో చెప్పారని రాశాడు. ట్రాయ్‌లోనే ఉంటే, ఊరు, కొడుకులు నాశనమవుతుంటే ప్రియామ్ ఆమెను తిరిగి ఇచ్చేయకుండా ఉంటాడా అని ఆయన వాదన. హెలెన్‌కు చారిత్రక ఆధారం ఏమీ లేదు. డార్డనెల్స్ ముఖద్వారంలో ఎదురుగాలికి ఓడలు ఆగాల్సిన చోట ఉన్న సంపన్నమైన కోట మీద కన్నేయడానికి వేరే కారణం అక్కర్లేదు.

కానీ ఆ యుద్ధాల్లో ఆడవాళ్ల సంగతికి ఆధారం ఉంది. అది హెలెన్ గురించి కాదు. ఏడు-ఎ ట్రాయ్ తవ్విన బ్లెగెనే 1939లో గ్రీసులోని పైలోస్‌లో మైసీనీ కాలపు రాజభవనం కనిపెట్టారు. అక్కడ వందల మట్టిపలకలు దొరికాయి. క్రీ.పూ. 1180 ప్రాంతంలో భవనం తగలబడినప్పుడు అవి కాలి గట్టిపడబట్టే మిగిలాయి. వాటి లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించాడు, భాష గ్రీకే. కవిత్వం ఒక్క ముక్క లేదు, అంతా పద్దులు.

అందులో ఒక పద్దు: మిలీటస్ ఆడవాళ్లు 16 మంది, ఆడపిల్లలు 3, మగపిల్లలు 7. వాళ్లకు ఇచ్చే గోధుమలు ఇంత, అంజూర పళ్లు అంతే. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నిడస్ ఆడవాళ్లు, లెమ్నోస్ ఆడవాళ్లు. అన్నీ ఈజియన్ సముద్రానికి తూర్పు వైపు ఊళ్లు, దీవులు. చేసే పనులు నేత, వడకడం, పిండి విసరడం, స్నానాలకు నీళ్లు పెట్టడం. మగవాళ్ల పేర్లు పక్కన ఉండవు. ఒక చోట 'చెరపట్టినవాళ్లు' అనే అర్థం వచ్చే మాటే రాశాడు గుమస్తా. ఆ సముద్రం అవతలి ఊళ్ల మీద గ్రీకులు దాడి చేసేవారని చెప్పడానికి నా దృష్టిలో ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు.

ఇలియడ్ ఆరో సర్గలో హెక్టర్ యుద్ధానికి వెళ్తూ భార్యతో అంటాడు: ట్రాయ్ పడిపోతుందని నాకు తెలుసు, నన్ను బాధించేది అది కాదు, నిన్ను ఏ గ్రీకువాడో ఈడ్చుకుపోతే, ఆర్గోస్‌లో ఇంకొకరి మగ్గం మీద నువ్వు బట్ట నేయాలి, పరాయి ఊటల నుంచి నీళ్లు మోయాలి, అది తలుచుకుంటేనే నాకు బాధ అని. నేను క్లాసులో ఈ భాగం చెప్పేటప్పుడు పైలోస్ పద్దు బోర్డు మీద రాసి, దాని పక్కనే ఈ మాటలు చదివేవాణ్ని. అకిలీజ్ ఉన్నాడో లేడో తేల్చడం కుదరదు. ఆండ్రోమకీ లాంటివాళ్లు ఉన్నారు. వాళ్లకు ఎన్ని కొలతల గోధుమలు ఇచ్చారో మనకు తెలుసు.

ప్రశ్న: వచ్చే వేసవిలో ఇస్తాంబుల్ వెళ్తున్నాం. ట్రాయ్ చూడదగ్గదేనా? (హైదరాబాద్ నుంచి)

తప్పక వెళ్లండి. చనక్కలే ఊరి నుంచి రోడ్డు మీద అరగంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. హిసార్లిక్ పక్కన తెవ్‌ఫికియె గ్రామంలో 2018లో తెరిచిన ట్రాయ్ మ్యూజియం ఉంది. ముందు అది చూస్తే, తర్వాత దిబ్బ మీద ఏ రాయి ఏ కాలానిదో అర్థమవుతుంది. లేకపోతే రాళ్ల గుట్టలే కనిపిస్తాయి. లోపల తూర్పు ద్వారం దగ్గర ఆరో ట్రాయ్ గోడ, ష్లీమన్ కోసిన కందకం రెండూ చూడండి. సముద్రం ఎక్కడా అని వెతుక్కోకండి, అది కొన్ని కిలోమీటర్లు వెనక్కి జరిగింది. కంచు యుగంలో దిబ్బ సమీపం దాకా వచ్చిన అఖాతాన్ని స్కమాండర్ నది ఒండ్రుమట్టితో పూడ్చేసింది. ఇప్పుడు కనిపించే పచ్చటి పొలాలన్నీ ఆ ఒండ్రే. నీడ తక్కువ, కాబట్టి పొద్దున్నే వెళ్లండి.